తృటిలో తప్పినవి లెక్కపెట్టండి: కర్నూలు కూడళ్ల దగ్గర రోడ్డు నడవడికను గమనించే పద్ధతి

జాతీయ రహదారి మీద ఒక చోటును 'బ్లాక్ స్పాట్'గా గుర్తించడానికి ఒక కొలమానం ఉంది. 500 మీటర్ల ముక్కలో, గడిచిన 3 క్యాలెండర్ సంవత్సరాల్లో, ప్రాణం పోయినవీ తీవ్ర గాయాలైనవీ కలిపి 5 ప్రమాదాలు జరిగి ఉండాలి. లేదా 10 మంది చనిపోయి ఉండాలి. అంటే ఆ చోటు జాబితాకు ఎక్కేసరికే కొన్ని కుటుంబాలు వీధిన పడిపోయి ఉంటాయి.

అదే చోట రోజూ జరిగేది ఏ జాబితాలోనూ ఉండదు. బస్సు దిగిన అవ్వ సంచి పట్టుకుని రోడ్డు మధ్య దాకా వచ్చి ఆగిపోతుంది. లారీ గట్టిగా బ్రేకు వేస్తుంది. దాని వెనక వస్తున్న బండి పక్కకు కోసుకుంటుంది. ఎవరికీ ఏమీ కాదు, ఎవరి దారిన వాళ్లు పోతారు. ఇలా వెంట్రుకవాసిలో తప్పినవి ఒక్క గంటలోనే పదుల్లో కనిపిస్తాయి. ఇవి ఎక్కడ, ఏ వేళ, ఎవరెవరి మధ్య జరుగుతున్నాయో రాసుకుంటే ప్రమాదం కోసం మూడేళ్లు ఎదురుచూడాల్సిన పని లేదు. 1960ల చివర్లో అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకులు కూడళ్ల దగ్గర బ్రేకు లైట్లు వెలగడం, బండ్లు ఉన్నట్టుండి పక్కకు తిరగడం లెక్కపెట్టి ఈ పద్ధతికి నాంది పలికారు. తర్వాత స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం దాన్ని పదును పెట్టింది. దీనికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. నలుగురు మనుషులు, అట్టలకు పెట్టిన కాగితాలు, ఒక టేపు, స్టాప్‌వాచ్ ఉన్న ఫోన్ చాలు. డిగ్రీ కాలేజీ ఎన్.ఎస్.ఎస్. జట్టయినా, కాలనీ సంఘమయినా, బడి టీచర్లయినా చేయగలరు.

ముందు ప్రశ్న, తర్వాతే కాగితం

"రాజ్‌విహార్ కూడలి దగ్గర ట్రాఫిక్ ఎలా ఉంది" అన్నది ప్రశ్న కాదు. అలా బయల్దేరితే గంటన్నర నిలబడి "అందరూ అడ్డదిడ్డంగా పోతున్నారు" అని రాసుకొచ్చేస్తారు. ప్రశ్న ఇలా ఉండాలి: పెద్దాసుపత్రి గేటు ముందు సాయంత్రం 4 నుంచి 6 దాకా రోడ్డు దాటేవాళ్లలో ఎంతమంది మధ్యలో ఆగిపోతున్నారు, ఎందుకు? సి.క్యాంపు రైతుబజారు దగ్గర షేర్ ఆటోలు మలుపుకు ఎన్ని మీటర్ల దూరంలో ఆగుతున్నాయి? ఒక చోటు, ఒక వేళ, ఒక నడవడిక. ఒక విడతకు అంతే.

ఇంకో నియమం. "నిర్లక్ష్యం", "తొందర", "మొండితనం" అన్న మాటలు కాగితం మీద రాయకూడదు. అవి కంటికి కనిపించవు, మనం ఊహించుకుంటాం. "ఆగకుండా దాటాడు", "కుడివైపు చూడలేదు", "ఫోన్ చెవి దగ్గర ఉంది" అని కనిపించింది కనిపించినట్టు రాయాలి. నిర్లక్ష్యం అని రాశారంటే ఆ తర్వాత చేయగలిగింది హితబోధ ఒక్కటే. 'ఆగిన బస్సు అడ్డం ఉండి కుడివైపు కనపడక రెండడుగులు రోడ్డు మీదికి వచ్చింది' అని రాస్తే బస్సు ఆగే చోటు మార్చాలన్న సంగతి అక్కడే తేలుతుంది.

వేళ, రోజు

మంగళ, బుధ, గురువారాల్లో ఏవైనా రెండు రోజులు, ఆదివారం ఒకటి తీసుకోండి. ఉదయం 7:30 నుంచి 9:30, సాయంత్రం 4:30 నుంచి 6:30, చీకటి పడ్డాక 7 నుంచి 8. మధ్యాహ్నం కూడా ఒక అరగంట తప్పకుండా చూడాలి. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే వేగం పెరుగుతుంది, గట్టి దెబ్బలు తగిలేది అప్పుడే. కర్నూలు ఎండలో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నం నీడ లేనిచోట మనిషిని నిలబెట్టొద్దు. సాధ్యమైతే పరిశీలనను జూలై తర్వాతకు పెట్టుకోండి. ఎండాకాలంలో మనుషులు నీడ వెతుక్కుంటూ నడుస్తారు, కాబట్టి దాటే చోటే మారిపోతుంది. ఒక చెట్టు నీడ జీబ్రా గీతకు 30 మీటర్ల అవతల ఉంటే జనం అక్కడే దాటుతారు. ఇది కూడా రాసుకోవాల్సిన విషయమే.

వినాయక నిమజ్జనం రోజు, రంజాన్ నెల సాయంత్రాలు, ఇంటర్ పరీక్షల రోజులు, ఊళ్లోకి పెద్ద నాయకుడు వచ్చిన రోజు వదిలేయండి. ఆ రోజుల్లో రోడ్డు వేరే రోడ్డు. వాన పడిన రోజు మాత్రం ప్రత్యేకంగా ఒకసారి చూడండి. నీళ్లు నిలిచిన గుంతను తప్పించుకోవడానికి బండ్లు ఎటు జరుగుతున్నాయో, ఆ జరిగిన చోట నడిచేవాళ్లు ఉన్నారో లేదో ఆ రోజే తెలుస్తుంది.

ఎక్కడ నిలబడాలి

మెరిసే జాకెట్ వేసుకుని, చేతిలో అట్ట పట్టుకుని కూడలిలో నిలబడితే ట్రాఫిక్ పోలీసు అనుకుంటారు. ట్యాంకు మీద ఉన్న హెల్మెట్ తలకెక్కుతుంది, ముగ్గురున్న బండి సందులోకి తిరుగుతుంది. అప్పుడు మీరు లెక్కపెట్టేది మీ వల్ల మారిన నడవడికను. అందుకని మామూలు బట్టల్లో, టీ కొట్టు అరుగు మీదో, దుకాణం మెట్ల మీదో, అడిగి అనుమతి తీసుకుని మొదటి అంతస్తు వరండాలోనో ఉండండి. ఎత్తు నుంచి చూస్తే కూడలి మొత్తం కనిపిస్తుంది. 4 నుంచి 6 మీటర్ల ఎత్తు సరిపోతుంది. వచ్చిన మొదటి పది నిమిషాల లెక్క పక్కన పెట్టేయండి. చుట్టుపక్కల వాళ్లకు మీరు అలవాటవడానికి ఆ సమయం పడుతుంది.

డివైడర్ మీద నిలబడొద్దు. జాతీయ రహదారి అంచున అసలే వద్దు. సంబంధిత ట్రాఫిక్ పోలీసు స్టేషన్‌కు ఒక పేజీ ఉత్తరం ఇచ్చి, ఒక ప్రతి దగ్గర ఉంచుకోండి. ఫోన్‌లో వీడియో తీస్తుంటే నంబర్ ప్లేట్లు, ముఖాలు గుర్తుపట్టలేనంత దూరం నుంచి తీయండి. లెక్క పూర్తయ్యాక వీడియో చెరిపేయండి. ఇది ఎవరినో పట్టించే పని కాదు. ఆ అనుమానం ఒకసారి వచ్చిందంటే దుకాణాల వాళ్లు రెండోసారి మెట్ల మీద కూర్చోనివ్వరు.

ఇద్దరి కళ్లు ఒకటయ్యేదాకా

అసలు పనికి ముందు 15 నిమిషాల రిహార్సల్ తప్పనిసరి. ఇద్దరు పక్కపక్కన కూర్చుని, మాట్లాడుకోకుండా, ఒకే దాన్ని లెక్కపెట్టాలి. ఇద్దరి మొత్తాల మధ్య తేడా పది శాతం దాటితే లోపం నిర్వచనంలో ఉంది. హెల్మెట్ ఉదాహరణే తీసుకోండి. తలమీద ఉంది కానీ గడ్డం కింద బెల్టు పెట్టుకోలేదు. 'ఉంది' కింద వేయాలా, 'లేదు' కింద వేయాలా? మోటారు వాహనాల చట్టంలో 129వ సెక్షన్ హెల్మెట్‌ను తలకు గట్టిగా బిగించుకోవాలనే చెబుతుంది. బిగించనిది గుద్దుకోగానే ఎగిరిపోతుంది. కాబట్టి దానికి వేరే గడి కావాలి. గడులు నాలుగు పెట్టుకోండి: బిగించుకున్నారు, పెట్టుకున్నారు కానీ బెల్టు లేదు, చేతికో ట్యాంకుకో తగిలించారు, అసలు లేదు. నడిపేవాళ్లకు ఒక వరుస, వెనక కూర్చున్న పెద్దవాళ్లకు ఒకటి, పిల్లలకు ఒకటి. నాలుగేళ్లు దాటిన పిల్లలకు కూడా హెల్మెట్ చట్టం వర్తిస్తుంది. ఈ పిల్లల వరుసను చాలామంది లెక్కలో వదిలేస్తారు. బడి గేటు దగ్గర అన్నిటికంటే ఖాళీగా ఉండేది ఆ వరుసలోని 'బిగించుకున్నారు' గడే.

బెల్టు బిగించారో లేదో పోతున్న బండి మీద కనపడదు, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే కనపడుతుంది. కానీ సిగ్నల్ దగ్గర పోలీసు ఉంటే హెల్మెట్లు పెరుగుతాయి. అందుకని 'ఉందా లేదా' అన్న లెక్క పోలీసు లేని చోట, కూడలికి కనీసం 200 మీటర్ల దూరంలో తీసుకోండి. బెల్టు లెక్క సిగ్నల్ దగ్గర విడిగా తీసుకోండి. రెంటినీ కలపొద్దు. హెల్మెట్ బైకు నడిపేవాళ్లలో తల గాయాల ముప్పును 69 శాతం, మరణం ముప్పును 42 శాతం తగ్గిస్తుందని అనేక దేశాల పరిశోధనలను కలిపి చూసిన సమీక్ష తేల్చింది.

ఎన్ని బండ్లు చూడాలి? 100 చూస్తే మీ శాతం పది అటూ ఇటూ ఊగుతుంది. 400 చూస్తే ఐదు అటూ ఇటూ. కర్నూలు రోడ్డు మీద రద్దీ వేళ 400 బైకులు చూడటం పెద్ద పనేం కాదు. అన్నీ చూడలేకపోతే ప్రతి మూడో బండినో ఐదో బండినో చూడండి. కంటికి ఆనినవే రాసుకుంటూ పోతే హెల్మెట్ లేనివే ఎక్కువ ఎక్కుతాయి, ఎందుకంటే కన్ను తప్పు మీదికే పోతుంది.

రోడ్డు దాటేవాళ్లు

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి. నడిచేవాళ్ల నడవడిక చెప్పినంతగా రోడ్డు లోపాన్ని మరేదీ చెప్పదు.

ప్రతి మనిషికీ నాలుగు విషయాలు రాయండి: అంచున ఎన్ని సెకన్లు ఆగారు, ఎక్కడి నుంచి ఎక్కడికి దాటారు, మధ్యలో ఆగారా లేక పరుగెత్తారా, ఏ బండి అయినా వాళ్ల కోసం వేగం తగ్గించిందా. దాటిన దారిని చేత్తో గీసిన కూడలి పటం మీద పెన్సిల్ గీతగా వేయండి. 50 గీతలు వేసేసరికి పటం మీద ఒక నల్లటి పట్టీ తేలుతుంది. జనం నిజంగా దాటే చోటు అదే. జీబ్రా గీత దానికి 20 మీటర్ల దూరంలో ఉంటే మార్చాల్సింది గీతను.

ఆగిన సెకన్లు ఎందుకంటే, నిరీక్షణ 30 సెకన్లు దాటిందంటే ఓపిక తగ్గి చిన్న సందులోకే అడుగు వేస్తారు. దాటడానికి ఎంత సందు కావాలో లెక్క సులువు. మన రోడ్డు ప్రమాణాలు నడక వేగాన్ని సెకనుకు 1.2 మీటర్లుగా తీసుకుంటాయి. 7 మీటర్ల రోడ్డుకు సుమారు 6 సెకన్లు. చూసి నిర్ణయించుకుని అడుగు వేయడానికి మరో 2, 3 సెకన్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, బిడ్డను ఎత్తుకున్న తల్లికి నడకకే 7, 8 సెకన్లు పడుతుంది. ఇప్పుడు స్టాప్‌వాచ్‌తో ఒక బండికీ తర్వాతి బండికీ మధ్య సందులు కొలవండి. అరగంటలో 9 సెకన్లు దాటిన సందులు ఎన్ని వచ్చాయి? పది కూడా రాకపోతే అక్కడ "జాగ్రత్తగా దాటండి" అన్న బోర్డు వల్ల ఒరిగేదేమీ లేదు, దాటే అవకాశమే ఆ రోడ్డు ఇవ్వడం లేదు.

ఒకసారి పిల్లవాడి కంటి ఎత్తుకు, అంటే సుమారు మీటరు ఎత్తుకు వంగి, రోడ్డు అంచు నుంచి రెండు వైపులా చూడండి. నిలబడిన మనిషికి కనిపించే లారీ అక్కడి నుంచి ఆగిన ఆటో వెనక మాయమైపోతుంది. మలుపుల దగ్గర కట్టిన ఫ్లెక్సీలు కూడా ఇంతే. పుట్టినరోజు ఫ్లెక్సీ ఒకటి డివైడర్ చివర నిలువుగా కట్టారంటే, యూటర్న్ తీసుకునే బైకుకు ఎదురొచ్చే బస్సు చివరి క్షణం దాకా కనపడదు. అడ్డం తీసేయడానికి అయ్యే ఖర్చు కత్తెర ఖరీదు.

ఒక గంటలో దాటేవాళ్ల సంఖ్యను, అదే గంటలో పోయిన బండ్ల సంఖ్య వర్గంతో హెచ్చించండి. రద్దీ గంటలో 300 మంది, 700 బండ్లు అయితే 300 × 700 × 700 = 14.7 కోట్లు. డివైడర్ లేని రోడ్డు మీద ఇది 10 కోట్లు, డివైడర్ ఉన్న రోడ్డు మీద 20 కోట్లు దాటితే అక్కడ నియంత్రణతో కూడిన దాటే ఏర్పాటు కావాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల ప్రమాణం, ఐ.ఆర్.సి. 103, చెబుతుంది. ఇంజనీరు ముందు పెట్టాల్సిన అంకె ఇదే.

తృటిలో తప్పినవి

ఏది తృటిలో తప్పినట్టు? ఇద్దరిలో ఒకరు తమ దారినో వేగాన్నో ఉన్నట్టుండి మార్చుకోకపోతే గుద్దుకునేవాళ్లే అనిపించే సందర్భం. సడన్ బ్రేకు, పక్కకు కోత, వెనక్కి గెంతడం, పరుగు — వీటిలో ఒక్కటైనా కనిపించాలి. హారన్ ఒక్కటీ చాలదు. మన దగ్గర హారన్ పలకరింపుకీ, విసుక్కోవడానికీ, ముందుకు దూరడానికీ కూడా కొడతారు.

ఒక్కో సంఘటనకు ఒక్కో వరుస. సమయం, ఎవరికీ ఎవరికీ మధ్య (ఆటో, నడిచేవాళ్లు అన్నట్టు), ఎవరు తప్పించారు, ఎలా తప్పించారు, పటం మీద చుక్క, సుమారు వేగం, తేడా సెకన్లు, అప్పుడు కనిపించిన కారణం. తేడా సెకన్లంటే: ఒకరు ఒక చోటు దాటి పోయాక, రెండోవాళ్లు అదే చోటుకు రావడానికి పట్టిన సమయం. వీడియోలో ఇది బాగా తెలుస్తుంది. 1.5 సెకన్ల లోపు ఉంటే రాసుకోండి. 1 సెకను లోపు ఉంటే ఎర్ర చుక్క వేయండి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. రైతుబజారు ముందు ఆటోలు నడిచేవాళ్ల వెనక అర సెకను తేడాతో పోతూనే ఉంటాయి, రోజంతా. గంటకు 10 కిలోమీటర్ల వేగంలో పోయే ఆ ఆటో వేరు, అదే అర సెకను తేడాతో గంటకు 50లో పోయే లారీ వేరు. సెకన్లు చూసి మాత్రమే ఎర్ర చుక్కలు వేస్తే నెమ్మదిగా కదిలే సంత రోడ్డే ఊళ్లోకెల్లా ప్రమాదకరమైన చోటుగా తేలుతుంది. అందుకే వేగం గడి తప్పనిసరి. నడక వేగం, మామూలు పరుగు, జోరు పరుగు అని మూడు మెట్లు రాసినా పర్వాలేదు. దెబ్బ శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 30 నుంచి 50కి పోతే 2.8 రెట్లు.

రెండో పొరపాటు: ఒకదాని వెనక ఒకటి పోతున్న బండ్ల మధ్య ఈ సెకన్ల లెక్క పనికిరాదు. ముందు ఆటో చెయ్యి చూపించి ఆగింది, వెనక బైకు బ్రేకు కొట్టింది. అక్కడ చూడాల్సింది బ్రేకు లైటు, ముందుకు వంగిన శరీరం, ఎటు కోసుకుపోయింది అన్నవి.

మూడోది, అలసట. ఏ కన్నైనా కొంతసేపయ్యాక తృటిలో తప్పినవి చూడటం మానేస్తుంది. అరగంటకోసారి మనిషి మారాలి. అదే సమయంలో దాటిన బండ్లు, మనుషుల మొత్తం కూడా ఇంకొకరు లెక్కపెట్టాలి. 'గంటకు 12 తప్పాయి' అన్నది సగం మాటే. 200 మంది దాటితే 12 వేరు, 900 మంది దాటితే 12 వేరు. ప్రతి 100 దాటింపులకు ఎన్ని అని రాయండి.

వేగం కొలవడం

కంటి అంచనా వేగం విషయంలో నమ్మదగింది కాదు. సైలెన్సర్ మోత ఉన్న బండి నిజంగా పోతున్న దానికంటే వేగంగా అనిపిస్తుంది. కారు నెమ్మదిగా అనిపిస్తుంది.

ఫుట్‌పాత్ మీద టేపుతో 50 మీటర్లు కొలవండి. రెండు చివర్లా ఉన్న స్తంభాన్నో దుకాణం గోడనో గుర్తుగా పెట్టుకోండి. కరెంటు స్తంభాల మధ్య దూరం ఇంతే ఉంటుందని ఊహించొద్దు, ప్రతిసారీ కొలవండి. బండి ముందు చక్రం మొదటి గుర్తు దాటగానే వాచీ నొక్కి, రెండోది దాటగానే ఆపండి. 180ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. 4.5 సెకన్లయితే 40, 3.6 అయితే 50, 3 అయితే 60.

దూరం ఎందుకు తగ్గించకూడదో చూడండి. వేలు నొక్కడంలో 0.2 సెకన్ల తేడా ఎవరికైనా వస్తుంది. 50 మీటర్లలో 60 వేగంలో పోయే బండికి ఆ తేడా వల్ల 56 నుంచి 64 దాకా రావచ్చు. 25 మీటర్లకే కొలిస్తే అదే తేడా 53 నుంచి 69 దాకా లాగుతుంది. ఇంకో చిక్కు, ఏటవాలు చూపు. మీరు ఒక చివర కూర్చుంటే ఆ పక్క గుర్తు సరిగ్గా కనిపిస్తుంది, ఎదురు పక్క గుర్తును బండి నిజంగా దాటకముందే దాటినట్టు కనిపిస్తుంది. రెండు గుర్తుల దగ్గర ఇద్దరుండి, మొదటివాళ్లు చెయ్యి దించగానే రెండోవాళ్లు వాచీ నొక్కితే కొంత పోతుంది. మేడ మీద నుంచి వీడియో తీస్తే ఇంకా మంచిది. సెకనుకు 30 ఫ్రేములు అయితే 50 మీటర్లకు 90 ఫ్రేములు పడితే 3 సెకన్లు. కొన్ని ఫోన్లు వెలుతురు తగ్గినప్పుడు ఫ్రేముల వేగం తమంతట తామే తగ్గించేస్తాయి. మొదట్లో, చివర్లో ఇంకో ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌ను పది సెకన్లు వీడియోలో తీసి సరిచూసుకోండి.

ముందు బండి వెనక ఇరుక్కున్నవి వద్దు. కనీసం 4, 5 సెకన్ల ఖాళీతో, తనకు నచ్చిన వేగంలో పోతున్న బండ్లనే కొలవాలి. 100 కొలిచి, తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేర్చి, 85వ అంకె చూడండి, అంటే వందలో 85 బండ్లు ఆ వేగంలోనో అంతకు తక్కువలోనో పోతున్నాయి. ఇంజనీర్లు చూసేది సగటును కాదు, దీన్నే. బైకులు, ఆటోలు, బస్సులు, లారీలు విడివిడిగా. అంకెను ఆగే దూరంతో కలిపి చెప్పండి. డ్రైవరుకు ప్రమాదం కనిపించి స్పందించడానికి 2.5 సెకన్లు కలుపుకుని మన ప్రమాణాలు చెప్పే ఆగే దూరం 40 వేగంలో 45 మీటర్లు, 50లో 60, 60లో 80, 80లో 120. బడి గేటు 50 మీటర్ల దూరానికి వచ్చాకే కనపడుతూ, బండ్లు 60లో వస్తుంటే ఇంకే వాదనా అక్కర్లేదు.

స్పీడ్ బ్రేకర్ ఉన్నచోట నడవడిక తప్పక చూడాలి. బైకులు బ్రేకర్‌కూ కాలువకూ మధ్య ఉన్న జానెడు సందులోంచి పోతుంటే, వేగం తగ్గలేదు సరికదా నడిచేవాళ్లు ఉండే అంచుకు బండ్లు వచ్చి చేరాయి. కాలనీవాళ్లు రాత్రికి రాత్రి పోసిన సన్నటి దిబ్బ మీద వెనక కూర్చున్నవాళ్లు ఎగిరిపడతారు. ప్రమాణం ప్రకారం గంటకు 25 వేగానికి తగ్గించే గుండ్రటి బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. బ్రేకర్ రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉండాలి, ముందు బోర్డు, మీద తెల్లగీతలు ఉండాలి. టేపు పెట్టి కొలిచి రాయండి.

రాంగ్ రూట్

రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్లను ఒట్టిగా లెక్కపెడితే ఉపయోగం తక్కువ. ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగారు అన్నవే చూడాలి. కొద్దిసేపటికే ఒక సందు పేరు, ఒక పెట్రోలు బంకు, ఒక కల్యాణమండపం మళ్లీ మళ్లీ వస్తాయి. అక్కడి నుంచి సరైన దారిలో పోతే యూటర్న్ ఎంత దూరమో బండి మీద పోయి కొలవండి. 800 మీటర్ల దూరంలో ఉంటే పోయి రావడం 1.6 కిలోమీటర్లు, 30 వేగంలో 3 నిమిషాల పైనే. ఎదురుగా 100 మీటర్లలో పోయే పనికి రోజుకు నాలుగుసార్లు అంత తిరగరు. తప్పే అయినా, దానికి కారణం పటంలో ఉంది.

ఇలాంటి చోట డివైడర్ సందును మూసేయమని మాత్రమే అడగొద్దు. మూసిన వారానికే ఇంకో 50 మీటర్ల అవతల రెండు రాళ్లు పక్కకు జరిగి బైకు పట్టేంత సందు తయారవుతుంది. అది ముందుదాని కంటే ప్రమాదం, ఎందుకంటే అక్కడ దీపం ఉండదు, బండ్లు నిలబడే చోటు ఉండదు. యూటర్న్‌ను దగ్గరికి తెమ్మనీ, మలుపు తీసుకునే బండి ఆగడానికి చోటు ఇమ్మనీ కలిపి అడగాలి.

బళ్లారి చౌరస్తా, బస్టాండు పరిసరాల్లో బస్సులు తమ చోట ఎన్నిసార్లు ఆగాయి, రోడ్డు మధ్యలో ఎన్నిసార్లు ఆగాయి, అప్పుడు బస్సు చోటులో ఎవరున్నారు అని మూడు గడులు చాలు.

రాత్రి, జాతీయ రహదారి

హైదరాబాద్–బెంగళూరు 44వ జాతీయ రహదారి మీద పరిశీలన ధాబా ఆవరణ లోపలి నుంచో, పాదచారుల వంతెన మీద నుంచో మాత్రమే. చూడాల్సినవి తక్కువే. రోడ్డు అంచున ఆగిన లారీల్లో పార్కింగ్ లైట్లు ఎన్నిటికి వెలుగుతున్నాయి? ట్రాక్టర్ ట్రాలీల వెనక ఎర్ర రిఫ్లెక్టర్ పట్టీ ఉందా, ఉండి మట్టి కప్పేసిందా? ఉల్లి, పత్తి లోడు వెనక లైట్లను కప్పేసిందా? పంట ఆరబోసిన చోట అంచు రాళ్లు రోడ్డు మీదికి ఎంత వచ్చాయి? 80 వేగంలో వచ్చే బండికి 120 మీటర్లు కావాలన్నది గుర్తుంచుకుని, ఆగిన లారీ ఎంత దూరం నుంచి కనిపిస్తుందో చూడండి. రోడ్డు మీద ఏదైనా అడ్డం కనిపించినా, బండి పడిపోయి ఉన్నా లెక్క ఆపి జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కి ఫోన్ చేయండి, గాయపడినవాళ్లుంటే 108కి. సాయం చేసినవాళ్లను కేసుల్లోకి లాగకుండా మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది.

ఎవరికి, ఏం రాసి ఇవ్వాలి

ఒక పేజీ. పైన పటం, మీద చుక్కలు. కింద మూడు అంకెలు. ఆ కింద ఒక్క కోరిక. "గేటు ఎదురు బస్సు ఆగే చోటును కూడలి దాటాక 40 మీటర్ల అవతలికి మార్చాలి" అన్నట్టు, కొలతతో, గుర్తుతో. పది కోరికలు రాస్తే సులువైనది ఒకటి చేసి ఫైలు మూసేస్తారు, అది తరచూ హెచ్చరిక బోర్డే అవుతుంది.

ఊళ్లో రోడ్లకు నగరపాలక సంస్థ, రాష్ట్ర రోడ్లకు రోడ్లు భవనాల శాఖ, 44వ రహదారికి జాతీయ రహదారుల సంస్థ. ఏ రోడ్డు ఎవరిదో ముందే కనుక్కోండి. తప్పు ఆఫీసులో ఇచ్చిన కాగితం నెలల తరబడి తిరుగుతుంది. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ముందు పెట్టాలని అందులోనే అడగండి. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణల్లో ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ప్రాణం పోయినా, అంగవైకల్యం కలిగినా బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా అని మోటారు వాహనాల చట్టం 2019 సవరణలోని 198ఎ సెక్షన్ చెబుతోంది. దాన్ని బెదిరింపుగా కాకుండా ఒక్క వాక్యంగా రాస్తే చాలు.

మళ్లీ లెక్క

మార్పు జరిగిన వెంటనే లెక్కపెట్టొద్దు. కొత్త గీత, కొత్త కోన్‌లు చూసి మొదటి వారం అందరూ నెమ్మదిస్తారు. నాలుగు వారాలు ఆగి, వారంలో అదే రోజు, అదే వేళ, అదే మెట్ల మీద నుంచి, వీలైతే అదే మనుషులతో లెక్కపెట్టండి. అలాంటిదే ఇంకో కూడలి, ఏ మార్పూ జరగనిది, రెండు విడతల్లోనూ పక్కన లెక్కపెట్టి ఉంచుకోవాలి. ఎందుకంటే మరీ చెడ్డగా ఉన్న వారం చూసి ఆ చోటును ఎంచుకుని ఉంటే, తర్వాతి వారాల్లో సంఖ్య దానంతటదే కొంత దిగుతుంది. సెలవులు మొదలై బడి బండ్లు తగ్గినా దిగుతుంది. మార్పు జరగని కూడలిలోనూ అంతే దిగితే, మీ బస్‌స్టాప్ మార్చడం వల్ల వచ్చిన ఫలితం కాదది.

సంఖ్య అసలు తగ్గకపోతే పాత పటం మీద కొత్త చుక్కలు వేరే రంగులో వేసి చూడండి. చుక్కలు అక్కడే ఉన్నాయంటే కారణం మీరు అనుకున్నది కాదు. 'కనిపించిన కారణం' గడిలో రాసుకున్న మాటలు మళ్లీ చదవండి. చుక్కలు 30 మీటర్ల పక్కకు జరిగాయంటే జనం దాటే చోటు మారింది, తర్వాతి విడత మీరు కూర్చోవాల్సిన మెట్లు కూడా అటువైపే.